బృందగానం పోటీల్లో ట్రాక్ వద్దు, గొంతులు చాలు

సంపాదకులు గారికి,

నమస్కారం.

కాలేజీల్లో యువజనోత్సవాలు, బడుల్లో వార్షికోత్సవాలు మొదలయ్యే కాలం కాబట్టి బృందగానం పోటీల గురించి ఈ ఉత్తరం రాస్తున్నాం. ఇప్పుడు చాలాచోట్ల బృందగానం అంటే పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన కరోకే ట్రాక్ పెట్టి, దాని మీద ఎనిమిది మంది పిల్లలు ఒకే వరసను ఒకేసారి పాడటం. ట్రాక్ పెంచితే పిల్లలు వినపడరు. తగ్గిస్తే తాళం తప్పుతారు. పైగా ఆ ట్రాక్ శ్రుతి సినిమాలో పాడిన గాయకుడి గొంతుకు కుదిర్చింది, తొమ్మిదో తరగతి పిల్లలకు కుదరదు. పైస్థాయి అందక అరుస్తారు, కిందిస్థాయి అందక గొణుగుతారు. న్యాయనిర్ణేతలేమో శ్రుతిజ్ఞానం లేదని మార్కులు కోసేస్తారు. ఇందులో పిల్లల తప్పేమీ లేదు.

మేం కోరేది ఒక్కటే. జానపదమైనా, అందరి నోటా ఉన్న సినిమా పాటైనా, వాద్యం గానీ ట్రాక్ గానీ లేకుండా గొంతులతోనే పాడే విభాగం ఒకటి ప్రతి పోటీలోనూ పెట్టాలి. హార్మోనియం కొనలేని బడి, తబలా మాస్టారు దొరకని మండలం కూడా అందులో సమానంగా నిలబడగలవు. విశ్వవిద్యాలయాల యువజనోత్సవాల్లో భారతీయ బృందగానానికి ఆరుగురు గాయకులు, ముగ్గురు వాద్యకారులు అని నియమం ఉంది. ఆ ముగ్గురిని తీసేసి ఆరుగురితోనే పాడించే పోటీ ఇంకొకటి పెడితే అదనంగా పైసా ఖర్చు ఉండదు. ఇదేదో పాశ్చాత్య సంగీతం చదివినవాళ్లకే వచ్చే విద్య అని వెనకాడే ఉపాధ్యాయులు ఉన్నారు కాబట్టి, పని ఎలా జరుగుతుందో కూడా ఇక్కడే వివరంగా రాస్తున్నాం. ఉత్తరం పొడుగైంది, దయచేసి కత్తిరించకుండా వేయగలరు.

వాద్యం లేకుండా గొంతులతోనే పాడటాన్ని బయటి దేశాల్లో ఎ కపెల్లా అంటారు. ఇంగ్లండులో కింగ్స్ సింగర్స్ 1968 నుంచి ఆరుగురు మగవాళ్లతోనే నడుస్తోంది. దక్షిణాఫ్రికాలో జోసెఫ్ షబలాలా నడిపిన లేడీస్మిత్ బ్లాక్ మంబాజోలో ఎక్కువమంది అడుగు గొంతువాళ్లే (కింది స్థాయిలో పాడేవాళ్లు), పైన పాడేవాళ్లు కొద్దిమందే. జార్జియా దేశంలో తూర్పున ఉన్న కఖేతి ప్రాంతంలో, అడుగున కదలకుండా నిలిచే శ్రుతి మీద రెండు గొంతులు సంగతులు వేస్తూ అల్లుకుంటాయి. జార్జియన్ల ఈ బహుగళ గానాన్ని యునెస్కో 2008లో మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చింది. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం విద్యార్థులు 1996లో పెన్ మసాలా పేరుతో హిందీ సినిమా పాటల్నీ ఇంగ్లీషు పాటల్నీ కలిపి గొంతులతో పాడటం మొదలుపెట్టారు. మనకు దగ్గర్లో మద్రాసులో ఎం.బి. శ్రీనివాసన్ గారు 1970ల మొదట్లో మద్రాస్ యూత్ కోయర్ పెట్టి, భారతీయ భాషల పాటల్ని పలు గొంతులకు అమర్చి పాడించారు. 1993లో తెలుగులో ‘దొంగ దొంగ’గా వచ్చిన సినిమాకు ఎ.ఆర్. రెహమాన్ ఒక పాటను దాదాపు పూర్తిగా గొంతులతోనే కట్టారు. వాద్యాలు లేవన్న సంగతి చాలామంది గమనించనే లేదు.

అంతదూరం పోనక్కర్లేదు కూడా. బతుకమ్మ చుట్టూ ఆడవాళ్లు పాడేది ఇదే. ఒకామె ముందు చెబుతుంది, మిగతావాళ్లు వంత అందుకుంటారు, చప్పట్లే తాళం. నాట్ల పాటలు, కలుపు పాటలు, దంపుళ్ల పాటలు, గొబ్బి పాటలు, అప్పగింత పాటలు అన్నీ వాద్యం లేకుండా పుట్టినవే. చేతులు పనిలో ఉన్నప్పుడు డోలు ఎవరు కొడతారు? ఇప్పుడు బతుకమ్మ దగ్గర కూడా డీజే బాక్సులు పెట్టి రికార్డు పాటలు వేస్తున్నారు. చుట్టూ తిరిగే ఆడవాళ్లకు పాడే పని లేకుండా పోయింది. పోటీల్లో గొంతుకు చోటిస్తే ఆ పాటలు పాడే పిల్లలైనా మిగులుతారు.

ఇక పని సంగతి.

బృందం ఆరుగురు నుంచి ఎనిమిది మంది ఉంటే చాలు. పన్నెండు దాటితే పిల్లలు ఒకరి చాటున ఒకరు దాక్కుంటారు, ఎవరు తప్పుతున్నారో తెలియదు. ఎనిమిది మందిని ఇలా పంచండి: ముందుపాట ఒకరు, అసలు వరసలో వంత ఇద్దరు, దానికి జంట వరస (అవే మాటలు, వేరే స్వరాలు) ఒకరు, నడిమి శ్రుతి పట్టేవాళ్లు (ఒకే స్వరాన్ని కదలకుండా సాగదీసేవాళ్లు) ఇద్దరు, అడుగు గొంతు ఒకరు, నోటి దరువు ఒకరు. శ్రుతి పట్టేవాళ్లు ఇద్దరు తప్పక ఉండాలి. ఒక్కరే అయితే ఊపిరి తీసుకున్నప్పుడల్లా శ్రుతి తెగుతుంది, ఆ సందులోనే బృందం జారుతుంది. ఇద్దరూ ఒకేసారి ఊపిరి తీసుకోకూడదు. పాదం చివర అందరూ పీలుస్తారు కాబట్టి వీళ్లు పాదం మధ్యలో, అచ్చు సాగుతున్నప్పుడు మెల్లగా ఆపి, ఊపిరి తీసుకుని, మళ్లీ ఆ అచ్చుతోనే చప్పుడు లేకుండా కలవాలి. హల్లుతో మొదలెడితే కొత్తగా వచ్చినట్టు వినపడుతుంది.

అన్నిటికంటే ముందు శ్రుతి నిర్ణయించాలి. ఎక్కువ బృందాలు దెబ్బతినేది ఇక్కడే. శ్రుతిని హార్మోనియం మెట్లతో లెక్కిస్తాం: ఒకటి అంటే ఇంగ్లీషులో C మెట్టు, ఒకటిన్నర దాని పక్క నల్లమెట్టు, ఐదు G, ఆరు A. ఆడపిల్లలు ఒంటరిగా పాడితే ఐదు, ఐదున్నర శ్రుతి అలవాటు, మగవాళ్లకు ఒకటి అటూ ఇటూ. కలిపి పాడేటప్పుడు పాట ఎన్ని స్వరాల మీద నడుస్తుందో ముందు లెక్కపెట్టాలి. మన జానపదాలు చాలావరకు ఐదారు స్వరాలు దాటవు. అలాంటి పాటకు షడ్జమం (స) ఒకటిన్నరకు పెడితే ఆడపిల్లలకు పంచమం (ప) దాకా హాయిగా అందుతుంది, మగపిల్లలు ఒక స్థాయి కింద అదే వరస పాడగలరు, అడుగు గొంతుకు కింది పంచమం కూడా దొరుకుతుంది. అమ్మాయిలు మాత్రమే ఉన్న బడిలోనూ ఈ ఒకటిన్నర పనికొస్తుంది. వాళ్లలో బరువు గొంతున్న అమ్మాయికి తన స్థాయిలో షడ్జమం కింది పంచమం అందుతుంది కాబట్టి అడుగు వరస ఆమెకే ఇవ్వొచ్చు. పాట తారషడ్జమం (పై స) దాకా ఎక్కేదైతే ఒకటిన్నరలో పైన గొంతు బిగుసుకుంటుంది. అప్పుడు దాని కింద ఉన్న ఆరుకు దించండి. అయితే ఆరులో కింది పంచమం చాలామంది మగవాళ్లకు గాలిలా తప్ప పలకదు, కాబట్టి అడుగు గొంతుకు షడ్జమం, దాని పైన ఉన్న పంచమం మాత్రమే ఇవ్వాలి.

గొంతు మారుతున్న మగపిల్లల విషయంలో జాగ్రత్త. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో కొందరికి నాలుగైదు స్వరాలకు మించి నిలకడగా పలకవు, హఠాత్తుగా గొంతు పగులుతుంది. వాళ్లను బృందంలోంచి తీసేయకండి. నిలకడగా పలికే స్వరం ఏదో చూసి ఆ ఒక్కటే శ్రుతిగా పట్టించండి, లేదా నోటి దరువు ఇవ్వండి. పై వరస పాడమని బలవంతపెడితే గొంతు దెబ్బతింటుంది.

పాట నేర్పే క్రమం కూడా ముఖ్యం. మొదట అందరూ అసలు వరసను మాటలతో సహా కంఠస్థం చేయాలి, శ్రుతి పట్టేవాళ్లు, దరువు వేసేవాళ్లు కూడా. పాట తెలియనివాడు వంత సరిగ్గా వేయలేడు. తర్వాత ముందుపాట, వంత విడదీయాలి. అది కుదిరాక శ్రుతి, ఆపైన అడుగు గొంతు, ఆ తర్వాతే జంట వరస, అన్నిటికంటే చివర దరువు. చాలామంది మాస్టర్లు దరువుతో మొదలుపెడతారు, పిల్లలకు హుషారు వస్తుంది కాబట్టి. దరువు మోగుతుంటే శ్రుతి దోషాలు వినపడవు, అవి అలాగే పాతుకుపోతాయి. వారానికి రెండు సార్లు, గంటన్నర చొప్పున సాధన ఉంటే ఒక పాట నెలరోజుల్లో వేదికకు సిద్ధమవుతుంది. ప్రతిసారీ మొదటి పావుగంట పెదాలు అల్లాడిస్తూ, తర్వాత మూసిన పెదాలతో ‘మ్’ అంటూ షడ్జమం నుంచి పంచమం దాకా ఎక్కి దిగితే గొంతు తెరుచుకుంటుంది.

సాధనకు కీబోర్డు వాడొద్దని మా గట్టి సలహా. ఎలక్ట్రానిక్ తంబురా గానీ ఫోన్‌లో శ్రుతి యాప్ గానీ చాలు. కీబోర్డు మీది అంతర గాంధారం (పెద్ద గ), తంబురా షడ్జమంలో సహజంగా పలికే గాంధారం కంటే కొంచెం ఎక్కువ. అర స్వరం దూరాన్ని, అంటే కీబోర్డు మీద ఒక మెట్టుకూ పక్క మెట్టుకూ మధ్య దూరాన్ని, వంద భాగాలు చేస్తే దాదాపు 14 భాగాలు ఎక్కువ. వాద్యం తోడుంటే ఆ తేడా ఎవరూ పట్టించుకోరు. గొంతులు మాత్రమే కలిసినప్పుడు ఆ కీబోర్డు గాంధారం షడ్జమంతో కలవక వణుకుతుంది. తంబురాతో నేర్చుకున్న పిల్లలు గాంధారాన్ని చెవితోనే సరైన చోట దించుకుంటారు, అప్పుడు ఎనిమిది గొంతులు ఒక్క గొంతులా నిలుస్తాయి.

జంట వరస దగ్గర పెద్ద పొరపాటు జరుగుతుంది. చర్చి పాటల్లోలాగా ప్రతి స్వరానికీ మూడో స్వరం పైన పెట్టేస్తారు. మోహన రాగం తీరులో స రి గ ప ద మీద నడిచే జానపదంలో అలా చేస్తే రిషభానికి (రి) మధ్యమం (మ) వస్తుంది. పాటలో లేని స్వరం దూరి పాట రంగే మారిపోతుంది. దీనికి సులువైన దారి ఉంది. పాటలో ఉన్న స్వరాల్లోనే ఒకటి వదిలి ఒకటి తీసుకోండి. స కు గ, రి కి ప, గ కు ద, ప కు పై స, ద కు పై రి. పరాయి స్వరం రాదు, జంట నిండుగా ఉంటుంది, పిల్లలకు గంటలో వస్తుంది. అయితే వినేవాళ్ల చెవి ఎప్పుడూ పై గొంతునే అసలు పాట అనుకుంటుంది. జంట వరస పైన ఉంటే దాన్ని సగం గొంతుతో పాడించాలి, లేదంటే ఒక స్థాయి దించి అసలు వరస కింద పెట్టాలి.

పున్నాగవరాళి, నాదనామక్రియ రాగాల తీరులో శుద్ధ రిషభం (షడ్జమానికి అర స్వరం పైన ఉండే రి) పలికే పాటలకు ఈ పద్ధతి వద్దు. అక్కడ షడ్జమ పంచమాల శ్రుతి, ఒక ముందుపాట, ఒక వంత చాలు. రిషభం షడ్జమాన్ని ఒరుసుకున్నప్పుడు పుట్టే ఆ బాధే పాటకు ప్రాణం. దానికి తోడుగా ఇంకో స్వరం నిలబెడితే ఆ రాపిడి గోల అవుతుంది. ఇంకా రంగు కావాలంటే వంతను ఒక తాళం ఆలస్యంగా మొదలెట్టించి ముందుపాట వెనకే నడిపించండి. సంగతులు (వరసకు వేసే అలంకారాలు), జారులు (స్వరం నుంచి స్వరానికి జారడాలు) ముందుపాటవాళ్లకే వదలాలి. ఇద్దరు ముగ్గురు ఒకేచోట గమకం వేస్తే (స్వరాన్ని ఊపితే) స్వరం ఎక్కడుందో తెలియదు.

వెనక పాడేవాళ్లతో ‘దూ దూ’, ‘పాపా’ అనిపించే అలవాటు యూట్యూబ్ చూసి వస్తోంది. మన పాటల్లోనే అంతకంటే మంచి పలుకులు ఉన్నాయి: ఉయ్యాలో, వలలో, కోలో, రేలా, సువ్వీ, తుమ్మెదా, ఏలేలో. పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దంలోనే తుమ్మెద పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు అని పేర్లు పెట్టి చెప్పాడు. ఉయ్యాలోనే తీసుకోండి. ముందుపాట అమ్మాయి పాదం పాడగానే వంతలో ఇద్దరు అసలు వరసలో ఉయ్యాలో అంటారు, ఒకరు జంట వరసలో. అడుగు గొంతు ‘ఉయ్’ను కింది పంచమం మీద వేసి ‘యాలో’ను షడ్జమం మీద దింపుతుంది. చివరి ‘ఓ’ను శ్రుతి పట్టే ఇద్దరూ వదలకుండా తర్వాతి పాదం కింద అలాగే సాగదీస్తారు. ఇంకేమీ అక్కర్లేదు, పాటలోని మాటే తర్వాతి పాదానికి తంబురా అయిపోతుంది. దంపుళ్ల పాటల్లో రోకలి పడ్డప్పుడు వదిలే ‘హ్’ అనే ఊపిరి కూడా మంచి దరువే. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి మార్చి మార్చి వేస్తే రెండు రోకళ్ల వరస వచ్చేస్తుంది.

తెలుగు మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి, గొంతులు కలవడానికి ఇది పెద్ద వరం. కానీ అచ్చు అందరి నోట ఒకేలా ఉండాలి. ఒకరు ‘ఆ’ను నోరంతా తెరిచి, ఇంకొకరు సగం మూసి పాడితే స్వరం ఒకటే అయినా శ్రుతి కలవనట్టు ఉంటుంది. వెనక గొంతులకు ఓ, ఊ మంచివి. ఈ, ఏ ముందుకు పొడుచుకొస్తాయి. ఒత్తులు అందరూ ఒకే క్షణంలో వేయాలి. ‘అమ్మా’లో మకారం ఒకరు ముందు మూసి ఒకరు వెనక మూస్తే మాట ముద్దవుతుంది. చాలాచోట్ల ‘స’ను ఒక్కరితోనే గట్టిగా పలికించి మిగతావాళ్లను తేలికపరిస్తే బుసలాంటి చప్పుడు పోతుంది. ఇంకొక్క మాట: వచ్చిండు అని ఉన్న పాటను వచ్చాడు అని దిద్దకండి, వచ్చినాడు అని ఉన్నదాన్ని ఇంకోలా మార్చకండి. ఏ ఊరి పాటకు ఆ ఊరి మాటే లయ.

శ్రుతి జారడం వాద్యం లేని పాటకు పెద్ద గండం. నాలుగు నిమిషాల పాటలో అర స్వరం దిగిపోవడం మామూలు, పాడేవాళ్లకు అసలు తెలియదు కూడా. దిగే పాదాల్లో ఒక్కో మెట్టు అవసరానికి మించి దించడం, ఒకే స్వరం మీద చాలా అక్షరాలు పలికేటప్పుడు అది నెమ్మదిగా కుంగడం, పాదం చివర ఊపిరి చాలకపోవడం, అలసట, దీనికి ముఖ్య కారణాలు. దిగేటప్పుడు మెట్లు చిన్నవి, ఎక్కేటప్పుడు పెద్దవి అని పిల్లలకు చెప్పండి, వెంటనే తేడా వస్తుంది. ప్రతి సాధనలో మొదటి షడ్జమాన్నీ చివరి షడ్జమాన్నీ ట్యూనర్ యాప్‌లో (పాడిన స్వరం ఎంత ఎక్కువో తక్కువో చూపేది) చూసి రాసి పెట్టుకోవాలి. ఎప్పుడూ ఒకేచోట జారుతుంటే ఆ పాదంలో ఊపిరి తీసుకునే చోటు మార్చండి. అయినా జారితే పాటను అర శ్రుతి పెంచి చూడండి. వింతగా అనిపిస్తుంది కానీ, గొంతు స్థాయి మారే ఇబ్బందికరమైన స్వరం మీద పాట ఎక్కువసేపు నిలుస్తుంటే అర శ్రుతి అటో ఇటో జరిపితే నిలబడుతుంది.

నోటి దరువుకు తిశ్రంలో (మూళ్ల నడక) తకిట తకిట, మిశ్రంలో (ఏడుల నడక) తకిట తకధిమి చాలు. డప్పు ధ్వని కావాలంటే డండనక అనే మాటనే వాడండి. ‘డం’ను పెదాలు మూస్తూ ముక్కులోకి పోనిస్తే చర్మం మోగినట్టు ఉంటుంది, ‘నక’లో ‘క’ను గొంతు వెనక పగలగొడితే పుల్ల దెబ్బ వస్తుంది. ఊపిరి చాలకపోతే ‘క్’ను లోపలికి పీలుస్తూ అనొచ్చు, దరువు ఆగదు. దరువు వేసే పిల్లాడు అడుగు గొంతు పక్కనే నిలబడాలి, మిగతావాళ్లు అర్ధచంద్రాకారంలో వాళ్లకు అటూ ఇటూ. చప్పట్లు అందరూ కొడితే పాట పరుగెడుతుంది. నిమిషానికి 96 దెబ్బలతో మొదలైంది చివరికి 110కి చేరుతుంది. చప్పట్లు ఇద్దరికే అప్పగించండి, మిగతావాళ్లు కాలివేలితో లోపలే లెక్కపెట్టుకోవాలి.

సినిమా పాట ఎంచుకునేటప్పుడు ఒక పరీక్ష ఉంది. పల్లవి, ఒక చరణం ఒక్కరే చప్పట్లతో పాడాలి. అలా నిలబడని పాట ఎనిమిది మందితోనూ నిలబడదు, దాని బలమంతా వాద్యాల్లో ఉందన్నమాట. మధ్యలో వచ్చే వయొలిన్లు, ఫ్లూటు బిట్లను నోటితో అనుకరించాలని చూడకండి. వాటిని నాలుగు ఆవర్తాలకు (తాళం నాలుగు చుట్లకు) కుదించి శ్రుతి, దరువు మాత్రమే నడిపిస్తే సరిపోతుంది. హక్కుల విషయం కూడా తెలుసుకోవాలి. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం విద్యాసంస్థ కార్యక్రమంలో విద్యార్థులు, సిబ్బంది పాడితే, వినేవాళ్లు విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రులు, సంస్థకు సంబంధించినవాళ్లే అయితే అనుమతి అవసరం లేదు. టికెట్లు పెట్టి బయటివాళ్లను పిలిస్తే ఈ మినహాయింపు వర్తించదు, లైసెన్సు తీసుకోవాలి. జానపదం అని మనం అనుకునే పాటల్లో చాలావాటికి రాసిన కవి ఉన్నారు, కొందరు ఇప్పటికీ మన మధ్యనే ఉన్నారు. పాటకు ముందు వారి పేరు చెప్పకపోవడం అన్యాయం.

మైకుల గురించి నిర్వాహకులకు ప్రత్యేకంగా. నూటయాభై మంది పట్టే గదిలో, ఫ్యాన్లు ఆపగలిగితే, మైకు లేకుండానే పాడించండి. అంతకంటే పెద్ద చోట తలా ఒక డైనమిక్ మైకు ఉండాలి. పెదాలకు రెండు వేళ్ల దూరంలో పట్టుకోవాలి, మైకు తలను గుప్పిట మూయకూడదు, మూస్తే కూత వస్తుంది, గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది. ప, బ పలికేటప్పుడు మైకును కాస్త పక్కకు వంచితే గాలి దెబ్బ తగలదు. మిక్సర్‌లో అడుగు గొంతుకూ దరువుకూ తప్ప మిగతా అందరికీ 100 హెర్ట్జ్ కంటే కిందున్న బరువు ధ్వనిని కోసేయాలి. పిల్లలకు ఒకరి గొంతు ఒకరికి వినపడేలా ఎదురుగా ఒక మానిటర్ బాక్సు పెట్టాలి, లేకపోతే శ్రుతి ఎవరూ కాపాడలేరు. మైకుసెట్టు వాళ్లు అలవాటుగా ఎకో పెంచేస్తారు. ఎకో ఉంటే ఒత్తులు ఒకదాని మీద ఒకటి పడి మాటలు కలిసిపోతాయి, దరువు రెండుసార్లు వినపడుతుంది. దయచేసి పూర్తిగా ఆపించండి. నాలుగు మైకులే ఉంటే ముందుపాటకు ఒకటి, అడుగు గొంతుకు ఒకటి, దరువుకు ఒకటి, మిగతావాళ్లందరి మధ్య ఒకటి.

పోటీ నియమాలకు మా సూచన ఇది. ఆరుగురు నుంచి ఎనిమిది మంది, రెండు పాటలు, అందులో ఒకటి తప్పనిసరిగా జానపదం, మొత్తం పది నిమిషాలు. వేదిక మీద శ్రుతి చూసుకోవడానికి పిచ్‌పైపు (స్వరం అందించే చిన్న పీక) గానీ ఫోన్ గానీ పాట మొదలయ్యే ముందు మాత్రమే వాడొచ్చు, మొదలయ్యాక ఆపేయాలి. చప్పట్లు, అడుగులు, చిటికెలు సరే. కోలలు, గజ్జెలు, తాళాలు వాద్యాల కిందే లెక్క. మార్కులు శ్రుతికి 30, లయకు 20, గొంతుల కలయికకు 20, ఉచ్చారణకు 15, పాట అమరికకు 15. శ్రుతి మార్కులు వేసే న్యాయనిర్ణేత దగ్గర ట్యూనర్ ఉండాలి, ప్రతి బృందం మొదటి షడ్జమం, చివరి షడ్జమం రెండూ కాగితం మీద రాయాలి. బట్టలకు, అలంకారానికి మార్కులు వద్దు. ఈ నియమాల కాగితాన్ని పోటీకి కనీసం రెండు నెలల ముందు బడులకు, కాలేజీలకు పంపాలి. వారం ముందు పంపితే మళ్లీ అందరూ పెన్‌డ్రైవ్‌లే పట్టుకొస్తారు.

ఇట్లు,
బృందగానం నేర్పే కొందరు ఉపాధ్యాయులం,
హనుమకొండ